1963 వ సంవత్సరపు పాటలు: జపాను, అమెరికా

సంగీతమునం దభిమానముగలవారు సంవత్సరాంతమున ఆ యేటి పాటలలో తమకు నచ్చినవానిని ఏఱి, ఒకదాని క్రింద నొకటిగా వ్రాసికొనుట కలదు. ఇది పిల్లల యాటవలె దోచును గాని, చూడగా నిదియు నొక విధమైన విద్యయే. ఏలయనగా, "ఈ పాట నా కేల నచ్చినది?" యని తన్ను దాను ప్రశ్నించుకొననివాడు పట్టికను వ్రాయలేడు, ప్రశ్నించుకొన్నవాడు పాటను మఱల మఱల విని తీరవలెను. ఈ వ్యాసమున మేమును అట్టి పట్టిక నొకదానిని వ్రాయ దలచితిమి. అయితే జరుగుచున్న సంవత్సరమును విడిచి, అఱువదియేండ్లకు పైగా గడచిపోయిన 1963 వ సంవత్సరమును దీసికొంటిమి. పాటలను రెండు దేశములనుండి, జపానునుండియు అమెరికానుండియు, గ్రహించితిమి.

క్రొత్త పాటలను మన విద్యార్థులు మాకంటె బాగుగ నెఱుగుదురు. ఆ విషయమున వారికి పాఠము చెప్పబూనుట మాకు తగదు. 1963 ను కోరుటకు కారణము వేఱు. ఆ సంవత్సరమున ఒక జపాను పాట, భాషాంతరము చేయబడక, జపాను భాషలోనే అమెరికా దేశమున ప్రథమస్థానము నందెను. అంతకు పదునెనిమిదేండ్లకు ముందు, 1945 ఆగస్టులో, ఆ అమెరికాయే హిరోషిమా నాగసాకి పట్టణములపై అణుబాంబులను వేసియుండెను. 1942 మొదలు తమ దేశమునందే నివసించుచున్న జపాను సంతతివారిని సుమారు 1,20,000 మందిని, ఆడువారిని పిల్లలను గూడ, ముండ్లకంచెల నడుమ శిబిరములలో నుంచియుండెను. (దీనికి ఆ ప్రభుత్వము 1988 లో శాసనమూలమున క్షమాపణ చెప్పి పరిహార మిచ్చెను.) ఇట్టి రెండు జాతుల నడుమ ఒక పాట యెట్లు నడచిపోయినది? ఇది విచారింపదగిన విషయమని మేము తలంతుము.

పట్టిక యనగా నేమో మొదట చెప్పవలెను. అమెరికాలో "బిల్‌బోర్డ్" అను పత్రిక 1958 ఆగస్టు మొదలు, రికార్డుల యమ్మకమును, రేడియోలలో వేయబడుటను లెక్కించి, నూఱు పాటల వరుసను ప్రతివారము ప్రకటించుచున్నది. ఆనాటి రికార్డు ఏడంగుళముల పళ్లెము. నిమిషమునకు 45 చుట్లు తిరుగును. ఒక్కొక్క వైపున ఇంచుమించు మూడు నిమిషముల పాట పట్టును. కావున ఆ కాలపు పాటకట్టువారు మూడు నిమిషములలో తమకు గల దంతయు చెప్పి ముగింపవలసినవారు. ఈ నిర్బంధము వారికి మేలే చేసినదని మా యభిప్రాయము.

1963 జూను మొదటి రెండు వారములు ఆ పట్టికలో మొదటి పాట "ఇట్స్ మై పార్టీ". పాడినది లెస్లీ గోర్ అను బాలిక. రికార్డు చేయునాటికి ఆమెకు పదునాఱేండ్లు. ఉన్నత పాఠశాలలో చదువుచుండెను. పాట నేర్పుతో నడిపించినవాడు తరువాత జగద్విఖ్యాతి గన్న క్విన్సీ జోన్స్. కథ చిన్నది. ఒక బాలిక తన జన్మదినోత్సవమునకు స్నేహితులను బిలిచినది. తాను వలచిన బాలుడు మఱియొక స్నేహితురాలితో గలసి వెడలిపోయినాడు. బాలిక అందఱి యెదుట నేడ్చుచున్నది. ఏడ్చుటకు తనకు హక్కు గలదని వాదించుచున్నది. పెద్దలు దీనిని విని నవ్వుదురు. కాని, పదునాఱేండ్ల ప్రాయమున ఇట్టి యవమానము చిన్నది కాదు. ఆ గొంతులో నున్న రోషము నిజమైన రోషము. బాకాలు వెనుకనుండి ఆమెను పరిహసించుచున్నట్లుండును; ఆమె వానిని మించి పాడును.

జూను 15 వ తేదీ పట్టికలో ఈ పాటను ప్రక్కకు నెట్టి పైకి వచ్చినది క్యూ సకమోతో పాడిన పాట. ఇదియు కన్నీటి పాటయే! అయితే ఈ పాటలోని మనుష్యుడు కన్నీరు జాఱకుండుటకై తల పైకెత్తి, రాత్రివేళ నొంటరిగా నడచుచుండును. ఎందు కేడ్చుచున్నాడో కవి యెక్కడను చెప్పలేదు. వసంతమును, వేసవిని, శరత్తును తలంచుకొనును. శీతకాలము మాట యెత్తడు. ఒకే నెలలో, ఒకే పట్టికలో, ఒకరి వెనుక నొకరు నిలిచిన యీ యిద్దఱిని జూడుడు. ఒకతె ఏడ్చుటకు హక్కు గోరుచున్నది. ఒకడు ఏడ్పును దాచుకొనుటకు మార్గము వెదకుచున్నాడు. అమెరికావారు స్వభావమున నిట్టివారు, జపానువారు స్వభావమున నట్టివారు అని దీనినుండి తీర్మానింపరాదు. ఆ జపాను పాటను లక్షలకొలది కొని, మూడు వారములు శిఖరమున నుంచినవారు అమెరికా ప్రజలే గదా.

ఆ పాట పుట్టుక గూడ తెలియదగినది. దాని జపాను పేరు "ఉఎ ఓ ముయితె అరుకో". పైకి చూచుచు నడతము అని యర్థము. పదములను వ్రాసినది రోకుసుకె ఎయి, వరుస కట్టినది హచిదై నకమురా. జపాను భాషలో రోకు అనగా ఆఱు, హచి అనగా ఎనిమిది, క్యూ అనగా తొమ్మిది. అందుచే ఈ ముగ్గుర జట్టునకు "ఆఱు, ఎనిమిది, తొమ్మిది" యని ముద్దుపేరు. సకమోతో తన తలిదండ్రులకు తొమ్మిదవ బిడ్డ. అందుకే యా పేరు. 1941 డిసెంబరు 10 న, అనగా పెరల్ హార్బరు దాడి జరిగిన మూడవనాడు, కవసాకి పట్టణమున జన్మించెను. నకమురా చైనాలోని చింగ్‌దావ్‌లో బుట్టిన పియానో వాదకుడు. జాజ్ సంగీతమున నాఱితేఱినవాడు.

ఎయి ఈ పదములను వ్రాయుటకు ప్రేరణ ప్రేమ కాదు, రాజకీయము. 1960 లో జపాను అమెరికాలు తమ రక్షణ సంధిని క్రొత్తగా చేసికొనినప్పుడు, తమ నేల మీద అమెరికా సైన్యము నిలిచియుండుట కిష్టపడని విద్యార్థులును కార్మికులును టోక్యో వీథులలో వేలకువేలుగా ఊరేగిరి. జూను 15 వ తేదీ రాత్రి శాసనసభ ఆవరణమున పోలీసులకును విద్యార్థులకును జరిగిన పెనుగులాటలో టోక్యో విశ్వవిద్యాలయపు విద్యార్థిని మిచికో కంబా మరణించెను. ఆమెకు ఇరువదిరెండేండ్లు. అయినను సంధి నిలిచెను. అట్టి ఊరేగింపునుండి నిరాశతో నింటికి నడచివచ్చుచు పొందిన దుఃఖమే తన పాటకు మూలమని ఎయి తరువాత చెప్పెను. ఆ జూను 15 నకు సరిగా మూడేండ్లకు, 1963 జూను 15 నాటి పట్టికలో, ఆ పాట అమెరికాలో మొదటిది. తేదీల కలయికలో మేము గూఢార్థములను వెదకువారము కాము. కాని, అమెరికాతో సంధిని వ్యతిరేకించి యోడినవాని దుఃఖమును అమెరికావారు తెలియకయే నోరార పాడుకొనిరనుట మాత్రము సత్యము.

జపానులో ఈ పాట 1961 లో ఎన్.హెచ్.కె. వారి టెలివిజనులో వినబడెను. ఆ యేడే అక్టోబరులో రికార్డుగా వెలువడెను. సకమోతో అమెరికా గాయకుడు ఎల్విస్ ప్రెస్లీని అనుకరించి పెరిగినవాడు. అచ్చులను విఱిచి, ఎక్కిళ్లవలె ఊపిరి గలిపి పాడును. తన పదములను ఇట్లు ముక్కలుచేసి పాడుచున్నాడని ఎయి మొదట కోపించెనని చెప్పుదురు. నేడు విను మాకు ఆ విఱుపులలోనే ప్రాణమున్నట్లు తోచును. దుఃఖము నాపుకొనువాని గొంతు నిజముగ నట్లే తడబడును.

ఇక పేరు సంగతి. 1962 లో జపానునకు వెళ్లిన ఇంగ్లండు రికార్డు వ్యాపారి లూయీ బెంజమిన్ ఈ వరుసను విని, తన దేశమునకు దీసికొనిపోయి, కెన్నీ బాల్ అను వాదకునిచే 1963 ఆరంభమున వాద్యముల మీద వాయింపించెను. జపాను పేరు తమవారికి పలుకుట కష్టమని, తనకు తెలిసిన జపాను వంటకమగు "సుకియాకి" పేరును దానికి దగిలించెను. సుకియాకి యనగా పలుచని మాంసపు ముక్కలను కూరగాయలతో, సోయా రసముతో, చక్కెరతో నుడికించు వంటకము. పాటలో వంట లేదు, భోజనము లేదు. అమెరికాలో కాపిటల్ సంస్థవారు సకమోతో రికార్డును విడుదల చేసినప్పుడు ఆ పేరునే నిలిపిరి. ఇది అమెరికా పాట "మూన్ రివర్" ను జపానులో "బీఫ్ స్ట్యూ" అను పేర నమ్మినట్లున్నదని ఒక పత్రిక పరిహసించెను. మన పరముగ చెప్పవలెనన్న, త్యాగరాజస్వామి కీర్తనకు "పులిహోర" యని పేరుపెట్టి విదేశములలో నమ్మినట్లు. నవ్వు వచ్చును గాని, ఇందు నవ్వరాని విషయము గూడ నున్నది. ఒకని వేదనను వినుటకు చెవి నిచ్చినవారు, ఆ వేదన పేరేమని యడుగుటకు మాత్రము శ్రమపడలేదు. నేటికిని ఆ దేశమున నా పాటకు ఆ పేరే. 1981 లో "ఎ టేస్ట్ ఆఫ్ హనీ" అను జట్టు దీనిని ఇంగ్లీషు పదములతో పాడి మూడవ స్థానమునకు దెచ్చెను. ఆ పదములును మూలమునకు భాషాంతరము కావు, ప్రేమగీతము.

పేరు తప్పైనను పాట సరిగనే చేరినది. ఇది యెట్లు? ఇక్కడ సంగీతవిద్యార్థులు గమనింపవలసిన యంశ మొకటి గలదు. పందొమ్మిదవ శతాబ్దాంతమున పాశ్చాత్య సంగీతము జపానులో ప్రవేశించినప్పుడు, అక్కడి పాటకట్టువారు సప్తస్వరములలో నాల్గవదానిని ఏడవదానిని విడిచి, మిగిలిన యైదింటితో వరుసలు కట్ట మొదలిడిరి. దీనిని "యోనానుకి" యందురు. నాలుగును ఏడును తీసివేయబడినది యని యర్థము. మన లెక్కలో మధ్యమ నిషాదములు లేని స, రి, గ, ప, ధ. మన మోహనరాగపు స్వరములును ఇవియే! సకమోతో పాటలోని మొదటి భాగము చాలవఱకు ఈ యైదు స్వరముల మీదనే నడచును. అట్లని యది మోహనరాగమని యనరాదు. గమకము లేదు, ఆలాపన లేదు. రాగ మనగా స్వరముల జాబితా మాత్రమే కాదు గదా. అయినను, మన యిండ్లలో మోహనమును వినుచు పెరిగిన పిల్లవాడు ఈ జపాను పాటను వినిన వెంటనే పరిచయమైన వీథిలోనికి వచ్చినట్లు తలయెత్తి చూచును. నడిమి భాగమున తోడివాద్యముల స్వరమేళనము ఒక్కక్షణము మేజరునుండి మైనరునకు వంగును. వెన్నెలకు మబ్బు అడ్డము వచ్చినట్లుండును. ఆ చోటును పట్టుకొనగలిగినవారు పాటను వినుట నేర్చినట్లే. చివర మాటలు లేవు. గాయకుడు ఈల వేయుచు సాగిపోవును. ఈలకు భాష లేదు. అమెరికా వినువారికి మొదటినుండి చివరివఱకు తెలిసిన భాగము బహుశః ఆ యీలయే.

మూడు వారములైన తరువాత, జూలై 6 నాటి పట్టికలో, ఈ పాటను దింపి పైకెక్కినది "ఈజియర్ సెడ్ దాన్ డన్". పాడిన జట్టు పేరు ఎసెక్స్. వీరు అమెరికా నౌకాదళపు మెరీను సైనికులు! ఈ జట్టునకు మొదలుపెట్టిన యిద్దఱును కలిసికొన్నది ఒకినావా దీవిలో, అనగా 1972 వఱకు అమెరికా పాలనలో నుండిన జపాను దీవిలో, సైన్యపు కొలువు చేయునప్పుడే. సైనికులు తమ నేలమీద నుండరాదని ఊరేగినవాని పాటకు తరువాతి పాట ఆ సైనికులదే యగుట చరిత్రలోని విచిత్రము. పాట మాత్రము చులుకనైనది, సంతోషకరమైనది, రెండు నిమిషములలో ముగియునది. దానిపై నింతకంటె చెప్పవలసినది లేదు.

ఇప్పుడు జపానునకు బోదము. మా పాఠకులు విద్యార్థులు గావున, వారికి దగ్గఱగా నుండు రెండు పాటలను చెప్పెదము. మొదటిది 1963 జూనులో వెలువడిన "కోకో సన్నెన్‌సెయి". ఉన్నత పాఠశాల మూడవ తరగతి విద్యార్థులు, అనగా చదువు ముగించి విడిపోనున్నవారు, అని యర్థము. పాడినది కజువో ఫునకి, పదునెనిమిదేండ్ల యువకుడు, బంగారురంగు గుండీలుగల నల్లని పాఠశాల దుస్తులతోనే వేదికపై నిలిచి పాడెను. పదములను వ్రాసిన తోషియో ఓకా పత్రికా విలేఖరి. టోక్యోలోని యొక పాఠశాల యుత్సవమును జూడబోయి, అక్కడ బాలురును బాలికలును చేతులు పట్టుకొని నృత్యము చేయుట చూచి విస్మయపడెను. ఆయన బాల్యమున అట్టిది ఊహకందనిది. యుద్ధానంతరము 1947 లో వచ్చిన విద్యాసంస్కరణముతోనే సహవిద్య దేశమంతట వ్యాపించినది. ఆ విస్మయమే పాటకు బీజమైనది.

వరుస కట్టిన మినొరు ఎందో కథ దీనికంటె హృదయమునకు దగ్గఱ. పేదఱికముచే ఆయన ఉన్నత పాఠశాలలో చదువనేలేదు. వీథులలో గిటారుతో పాడి పొట్టబోసికొన్నవాడు. తాను ప్రవేశింపని పాఠశాలకు, తనకు లేని సహాధ్యాయులకు, తాను పొందని వీడ్కోలునకు ఆయన వరుస కట్టెను. వరుస మైనరులో నుండును. కాని నడక కవాతువలె నుండును. విచారమును ఉత్సాహమును ఇట్లు ఒకే బండికి గట్టుట సులభము కాదు. పది లక్షలకు మించి రికార్డు లమ్ముడుపోయినవి. 1963 లో జపాను బాలబాలికలలో ఇంచుమించు మూడింట రెండువంతులవారు మాత్రమే ఉన్నత పాఠశాలకు బోవుచుండిరి. మిగిలినవారు పదునైదేండ్లకే కర్మాగారములకును దుకాణములకును బోయెడివారు. పల్లెలనుండి అట్టి పిల్లలను గుంపులు గుంపులుగా పట్టణములకు గొనిపోవుటకు ప్రత్యేకముగ రైళ్లే నడచుచుండెను. వారును ఈ పాటను కొని పాడుకొనిరి. ఎందో వారి తరఫున గూడ కట్టినట్లే.

రెండవపాట ఆ పిల్లలదే. "మియగెతె గోరన్ యోరు నో హోషి ఓ", అనగా రాత్రి నక్షత్రములను తలయెత్తి చూడుము. దీనికిని పదములు రోకుసుకె ఎయివే. వరుస తకు ఇజుమిది. 1960 లో పగలు పనిచేసి రాత్రి చదువుకొను విద్యార్థులను గూర్చి యొక సంగీతనాటకము నాడిరి. ఆ నాటకములోని పాట యిది. 1963 లో క్యూ సకమోతో పాడగా రికార్డు వెలువడి దేశమంతట వ్యాపించెను. ఒకే కవి, ఒకే గాయకుడు, రెండు పాటలలోను తలయెత్తి ఆకాశమును జూచుటయే. మొదటిపాటలో కన్నీరు దాచుటకు జూచును. ఇందులో ఎదుటివానికి ధైర్యము చెప్పుటకు చూపించును. ఈ రెండింటిలో దేనిని పైన నుంచవలెనో మాకు చాల దినములు తేలలేదు. తుదకు రెండవదానినే పైన నుంచితిమి. నైపుణ్యమున మొదటిది మిన్నయే. కాని, పగలంతయు పనిచేసి సాయంకాలము పుస్తకము పట్టు పిల్లలు మన దేశమున నేటికిని గలరు. వారికొఱకు కట్టబడిన పాటలు వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని గూడ లేవు.

సకమోతో 1985 ఆగస్టు 12 న టోక్యోనుండి ఓసాకాకు బోవు విమానము కొండలలో గూలగా మరణించెను. అందున్న 524 మందిలో 520 మంది చనిపోయిరి. ఆయనకు నలువదిమూడేండ్లు. 2011 మార్చి 11 న భూకంపమును సముద్రపుటుప్పెనయు ఈశాన్య జపానును ముంచినప్పుడు, పలువురు గాయకులు నటులు కలిసి ఈ రెండు పాటలనే టెలివిజనులో పంక్తి కొకరుగా మఱల పాడిరి.

అమెరికా పాటలలో మేము మొదట నుంచునది "బ్లోయిన్ ఇన్ ది విండ్". బాబ్ డిలన్ దీనిని 1962 లో వ్రాసెను. అప్పటి కాయనకు ఇరువదియొక్క యేండ్లైనను నిండలేదు. 1963 లో పీటర్, పాల్, మేరీ అను మువ్వురు పాడిన రికార్డు పట్టికలో రెండవ స్థానమున కెక్కెను. పాట కట్టుబడి మిక్కిలి సులభము: మూడు చరణములు, చరణమునకు మూడేసి ప్రశ్నలు, ప్రతి చరణము తుదను ఒకే సమాధానము. ఆ సమాధానము గూడ సమాధానము కాదు. దీని వరుసకు మూలము "నో మోర్ ఆక్షన్ బ్లాక్" అను నీగ్రో భక్తిగీతపు జాతి పాట. మనుష్యులను సంతలో వేలము వేసిన కాలమును దాటివచ్చినవారి పాట. ఒక తెల్లవాని చేత ఇట్టి పాట వ్రాయబడుట జూచి, నల్లజాతి గాయకుడు సామ్ కుక్ కదలిపోయి, తన జాతివారి ఆశను తానే చెప్పవలెనని "ఎ చేంజ్ ఈజ్ గొన్నా కమ్" ను గట్టెను.

1963 ఆగస్టు 28 న వాషింగ్టన్ నగరమున, సమానహక్కులకొఱకు చేరిన సుమారు రెండున్నర లక్షల జనుల యెదుట, ఆ మువ్వురును ఈ పాటను పాడిరి. మార్టిన్ లూథర్ కింగుగారి ప్రసిద్ధోపన్యాసము ఆనాటిదే. అది జరిగిన పదునెనిమిదవ దినమున, సెప్టెంబరు 15 ఆదివారమునాడు, బర్మింగ్‌హామ్ పట్టణమున నల్లజాతివారి దేవాలయములో దుండగులు బాంబు పెట్టగా నలుగురు బాలికలు మరణించిరి. ముగ్గురికి పదునాలుగేండ్లు, ఒకతెకు పదునొకండు. పాటలోని ప్రశ్నలు ప్రశ్నలుగనే యుండుట కవి సోమరితనమని కొందఱందురు. ఆ ఆదివారమును తలంచినవారు అట్లనజాలరని మా నమ్మకము. డిలన్‌కు 2016 లో నోబెల్ సాహిత్య బహుమాన మీయబడెను.

దీని తరువాత "ఫింగర్‌టిప్స్". పాడినవాడు పదుమూడేండ్ల అంధబాలుడు స్టీవీ వండర్. నెలలు నిండకమున్నే జన్మించి, చూపు గోల్పోయినవాడు. చికాగో నాటకశాలలో ప్రేక్షకుల యెదుట పాడుచుండగా పట్టిన రికార్డు ఇది. ఆగస్టులో ప్రథమస్థానము నందెను. జట్టుతో గాక ఒంటరిగా పాడినవారిలో అంత చిన్నవయసున ఆ స్థానమునకు వచ్చినవా రప్పటికి లేరు, ఆ తరువాతను లేరు. బాలుడు పాట ముగించి వెడలినట్లే వెడలి, నోటివాద్యముతో మఱల దూకును. అప్పటికే తరువాతి జట్టు వాదకుడు వేదిక నెక్కియుండెను. ఏ శ్రుతిలో వాయింపవలెనని యాయన కంగారుగ నఱచుట రికార్డులో స్పష్టముగ వినబడును. ఆ కేకను తుడిచివేయక యుంచినవారికి మేము కృతజ్ఞులము.

"బీ మై బేబీ" ని గూర్చి రెండు మాటలు. రోనెట్స్ అను మువ్వురు యువతుల జట్టుది. మొదట మద్దెల ఒంటరిగా మ్రోగును: మూడు మెత్తని దెబ్బలు, నాల్గవది పిడుగు. ఆ నాలుగింటిని తరువాతి వాదకు లెందఱు ఎరువు దెచ్చుకొనిరో లెక్క లేదు. దీనిని కట్టించిన ఫిల్ స్పెక్టర్ ఒకే వరుసను పలువురు వాదకులచే నొక్కసారి వాయింపించి, ఆ ధ్వనిని ప్రతిధ్వనిగదిలోనికి బంపి, గోడకట్టినట్లు నిలబెట్టెను. ఈ మనుష్యుడు 2009 లో హత్యానేరమునకు శిక్షింపబడెను. అట్టివాని పనిని మెచ్చవచ్చునా యని యడుగువారు తప్పుగ నడుగుట లేదు. మేము ఆ గోడను గాక, దాని మీదుగ వినవచ్చు రోనీ యను యువతి గొంతును వినుచున్నాము.

జపానువారు ఆ దినములలో అమెరికా పాటలను తమ భాషలోనికి మార్చి పాడుట యధికము. కానీ ఫ్రాన్సిస్ పాటలను 1962 లో మియె నకవో, మియెకో హిరోతా అను బాలికలు జపాను పదములతో పాడి పేరుగాంచిరి. అట్లు అనుకరించి అనుకరించి సొంత పాట కట్టుట నేర్చిరనుటకు 1963 లో వచ్చిన "కోయి నో వకన్స్" నిదర్శనము. పాడినవారు పీనట్స్ అను కవల సోదరీమణులు. రెండు గొంతులు పైని క్రిందను నడచుచున్నను, ఒకే మనిషి రెండు గొంతులతో పాడినట్లుండును. తాళము అమెరికా జాజ్‌ది; మైనరు వరుసలోని తియ్యని దిగులు జపానుది. ఇది రష్యాలో గూడ వాడుకలోనికి వచ్చెను.

ఆ సంవత్సరాంతమున జపానువారి రికార్డు మహాబహుమానము "కొన్నిచివా అకచాన్" అను పాటకు, అనగా "నమస్తే, పసిపాపా" యను పాటకు, వచ్చెను. ఎయి, నకమురాల జంటయే మఱల. నకమురాకు మొదటి బిడ్డ కలిగినప్పుడు తండ్రి పలుకుగా పుట్టిన పాటను, తల్లి పలుకుగా మార్చి మిచియో అజుసాచే పాడించిరి. ఓటమి ననుభవించి తలయెత్తి నడచిన జంట మూడేండ్లలో ఉయ్యాల యొద్దకు వచ్చినది.

అమెరికాలో ఆ డిసెంబరు వేఱువిధముగ నుండెను. నవంబరు 22 న అధ్యక్షుడు కెన్నెడీ హత్య చేయబడెను. తరువాత రెండు వారములకు పట్టికలో మొదటికి వచ్చిన పాట "డొమినిక్". పాడినది బెల్జియము దేశపు సన్యాసిని. పాట ఫ్రెంచి భాషలోనిది. నాలుగు వారములు, సంవత్సరము ముగియువఱకు, ఆ స్థానముననే యుండెను. అర్థము కాని భాషలోని పాటను ఒకే యేట రెండు పర్యాయములు ఆ దేశము తలకెత్తుకొన్నది. 1964 ఫిబ్రవరిలో ఇంగ్లండునుండి బీటిల్సు వచ్చిరి. అది మఱియొక సంవత్సరపు పట్టికకు జెందిన కథ.